మా అత్తమ్మ చెయ్యెత్తిన పూట

ఎనభైల్లో ఒకసారి హైదరాబాదులో సర్కారు ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులు వచ్చాయి. ఎమ్మెల్యేలను బస్సులెక్కించి పక్క రాష్ట్రాలకు తీసుకుపోయారని, హోటళ్లలో పెట్టి కాపలా కాస్తున్నారని రోజూ పేపరు నిండా అదే వార్త. అప్పటికి మేం హన్మకొండలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. పక్క వాటాలో కాలేజీ లెక్చరరు ఒకాయన ఉండేవాడు. పొద్దున్నే పేపరు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చి, "ఇట్లాంటిది ఎక్కడన్నా విన్నామా అమ్మా? మనుషులా, మేకలా?" అని వాపోయాడు. నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. "వినడమేంది సార్, నేను క్యాంపులో ఉండి వచ్చిన" అన్నాను. ఆయన హాస్యమనుకుని నవ్వి వెళ్లిపోయాడు. నవ్వే విషయమే, కాదనను. కానీ ఆ క్యాంపు మా ఇంట్లో చేసిన పని చాలా ఏళ్ల దాకా నాకు నవ్వు తెప్పించలేదు.

అది డెబ్బైల మొదట్లో. నాకు పెళ్లయి ఏడాది తిరిగిందేమో. మాది వరంగల్. మా నాన్న మిల్లులో పనిచేసేవాడు. నల్లా నీళ్లు, కరెంటు బల్బు, అడపాదడపా సినిమా, ఇవన్నీ పుట్టుకతోనే వస్తాయని అనుకుని పెరిగినదాన్ని. నన్ను పరకాల రోడ్డు మీద ఒక ఊళ్లో సమితి బడి పంతులుకు ఇచ్చారు. పిల్లగాడు బుద్ధిమంతుడు, గవర్నమెంటు నౌకరి, ఇవ్వాళ కాకపోతే రేపు హన్మకొండకు ట్రాన్స్‌ఫర్ అవుతుంది అని మధ్యవర్తి చెప్పాడు. ఆ చివరి మాట నేను గట్టిగా పట్టుకున్నాను. అత్తగారింట్లో బావిలో నీళ్లు చేదుకుంటూ కూడా మనసులో హన్మకొండలోనే కాపురం చేస్తుండేదాన్ని.

మా మామ పార్టీ మనిషి. ఏ పార్టీ అని చెప్పను, ఆ రోజుల్లో మా దిక్కు ఉన్నదే ఒక పార్టీ, అందులో రెండు గ్రూపులు. ఇంటి మీద జెండా, అరుగు మీద నలుగురు మనుషులు, లోపల ఎప్పుడూ మరుగుతూ ఉండే చాయ. పంచాయతీ సమితిలో ఊళ్ల సర్పంచులంతా మెంబర్లుగా ఉండేవారు. ఇద్దరు ఆడవాళ్లను కూడా మెంబర్లుగా తీసుకోవాలని చట్టం ఉండేది. వాళ్లను కోఆప్షన్ మెంబర్లనేవారు. ఆ ఇద్దరిలో ఒకరు మా అత్తమ్మ. ఆమెను ఎందుకు తీసుకున్నారంటే మామ భార్య కాబట్టి. అంతకుమించి ఎవరికీ ఇంకో కారణం తోచలేదు, ఆమెకూ తోచలేదు. మీటింగు ఉన్న రోజు ఇస్త్రీ చీర కట్టుకుని మామ వెంట బస్సెక్కేది. ఇద్దరు ఆడవాళ్లకు గోడ పక్కన కుర్చీలు. అందరికంటే ముందు వాళ్లకే చాయ, బిస్కెట్లు వచ్చేవట. సంతకం పెట్టించుకుని, "ఇగ మీరు పోండ్రి అక్కా, ఎండెక్కుతాంది" అని మర్యాదగా పంపించేవాళ్లు.

ఆ కాలంలో బడులన్నీ సమితి కిందే నడిచేవి. పంతుళ్లను ఎక్కడ వెయ్యాలి, ఎక్కణ్నుంచి పీకాలి అనేది సమితి ప్రెసిడెంటు చేతిలో పని. ఎండాకాలం సెలవుల్లో ఆయన ఇంటి ముందు పంతుళ్లు బారులు తీరేవారు. నెయ్యి డబ్బాతో వచ్చేవాడొకడు, కోడిపుంజుతో వచ్చేవాడొకడు, చుట్టరికం కలుపుకుని వచ్చేవాడొకడు. రోడ్డు పక్క ఊళ్లు దయ ఉన్నవాళ్లకు, వాగు అవతలి ఊళ్లు దయ లేనివాళ్లకు. ఇందులో మేం వేలెత్తి చూపడానికి లేదు. మా ఆయన సొంత ఊళ్లోనే పంతులుగా ఉండి, మధ్యాహ్నం ఇంటికి వచ్చి వేడి అన్నం తిని పోతున్నాడంటే అది కూడా మామ ముఖం చూసి ప్రెసిడెంటు చేసిన దయే.

మా అత్తమ్మ తల్లిగారి ఊరు అదే సమితిలో ఓ మూలన, ములుగు దిక్కు ఉంటుంది. బస్సు లేదు. మధ్యలో వాగు. వానలు పడితే ఇటువాళ్లు ఇటే, అటువాళ్లు అటే. ఆ ఊళ్లో బడి ఉంది, బడికి ఒక పంతులు కూడా ఉన్నాడు, కానీ ఆ పంతులు హన్మకొండలో ప్రెసిడెంటు ఇంట్లో ఉండేవాడు. ప్రెసిడెంటు పిల్లలకు చదువు చెప్పడం, కూరగాయలు తేవడం, వచ్చినవాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టడం ఆయన పని. జీతం మాత్రం ఆ ఊరి బడి పేరు మీద. నేనొకసారి హన్మకొండ చౌరస్తాలో ఆయన్ను చూశాను. రెండు చేతులా కూరగాయల సంచులు. పాపం, మా ఆయన్ను చూసి ఒక సంచి కింద పెట్టి దండం పెట్టాడు. చెడ్డవాడేం కాదు. రమ్మంటే వచ్చాడు, ఉండమంటే ఉన్నాడు.

అత్తమ్మ ఒకసారి, ఒక్కసారే, మీటింగులో నోరు తెరిచింది. "మా తల్లిగారూర్ల బడికి తాళం ఉన్నది. పంతులేడి?" అని అడిగింది. ఈ మాట మామే ఇంటికొచ్చి మాకు చెప్పాడు, ఏదో తమాషా చెప్పినట్టు. ప్రెసిడెంటు కోపం చేసుకోలేదట. నవ్వుతూనే, "అక్కా, నీ కొడుకు మంచిగున్నడు గద?" అన్నాడట. మీటింగంతా నవ్విందట. మామ కూడా నవ్వాడు. నేను ఆ పూట పప్పుకు తాలింపు వేస్తున్నాను. నాకు నవ్వు రాలేదు. ఆ మాటకు అర్థమేమిటో పంతులు పెళ్లాన్ని, నాకు తెలుసు. అత్తమ్మ ఇస్త్రీ చీర విప్పి మడతపెట్టి పెట్టెలో పెట్టుకుంది.

ఆ తర్వాత హైదరాబాదులో గాలి మారింది. మా ప్రెసిడెంటుకు అండగా ఉన్న మంత్రికి పదవి పోయింది. అప్పటిదాకా కిక్కురుమనని రెండో గ్రూపువాళ్లకు ఒక్కసారిగా అన్యాయాలన్నీ కనిపించడం మొదలైంది. పంతుళ్ల ట్రాన్స్‌ఫర్లలో అవినీతి జరుగుతోందని పార్టీకి కంప్లయింటు చేశారు. పార్టీ ఊరుకోలేదు, విచారణకని హైదరాబాదు నుంచి పెద్దమనుషుల్ని పంపింది. వాళ్లు వచ్చి ప్రెసిడెంటు ఇంట్లోనే దిగారు. అక్కడే భోంచేశారు. ఆ ఇంటికి కూరగాయలు తెచ్చే పంతులే వాళ్లకు విస్తళ్లు వేశాడు. తిన్నాక, ఆరోపణల్లో నిజం లేదని, ఉన్నా అవి పార్టీలోపల మాట్లాడుకోవాల్సినవని చెప్పి వెళ్లిపోయారు. మా మామ ఆ భోజనానికి వెళ్లొచ్చి, "పార్టీ అంటే ఇల్లసొంటిది. ఇంట్ల మనిషి తప్పు చేస్తే బజార్ల పెడ్తమా?" అన్నాడు. అత్తమ్మ ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. "బజార్ల వెట్టద్దు, సరే. ఇంట్లనన్న అడుగుతమా?" అంది. మామ వినిపించుకోనట్టు పంచె సర్దుకున్నాడు.

రెండో గ్రూపు అవిశ్వాస తీర్మానానికి నోటీసు ఇచ్చింది. తీర్మానం నెగ్గాలంటే వాళ్లకు సగం చేతులు చాలవు, అంతకంటే చాలా ఎక్కువ కావాలి. దాన్ని ఓడించడానికి ప్రెసిడెంటుకు కొన్ని చేతులు చాలు, కానీ అవి జారిపోకుండా చూసుకోవాలి. అందుకే క్యాంపు. ఒక పొద్దున మా ఇంటి ముందు జీపు ఆగింది. ప్రెసిడెంటే స్వయంగా వచ్చాడు. అరుగు మీద మామ చేతిలో చెయ్యి వేసి, "పటేలా, నీ ఇంట్ల ఓటు నాదే గద?" అన్నాడు. మామ ఆ చెయ్యి మీద తన రెండో చెయ్యి వేశాడు. "నా పాణం పోయినా నీదే" అన్నాడు. మా దిక్కు మగవాళ్లు అట్లా చెయ్యి మీద చెయ్యి వేస్తే అది రాతకోతల కంటే ఎక్కువ. ఆ ఓటున్న మనిషి అప్పుడు పెరట్లో గేదెకు కుడితి పెడుతోంది. ఆమెను పిలిచి చీర మార్చుకొమ్మన్నారు. ఆడమనిషిని ఒక్కదాన్ని పంపితే బాగుండదని తోడుగా నన్ను ఎక్కించారు. నేను అప్పటికి కడుపుతో ఉన్నాను. జీపు కుదుపుకు వాంతి వస్తుందేమోనని కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

క్యాంపు ములుగు అవతల అడవిలో, బీడీలు చుట్టే తునికాకు కాంట్రాక్టరు బంగ్లాలో పెట్టారు. ముందు వరండాలో సర్పంచులు, వెనక గదిలో మేము. గది నిండా ఎండిన ఆకు వాసన. అక్కడ ఉన్నన్నాళ్లూ రెండు పూటలా మాంసం, చెట్ల కింద పేకాట, కల్లు కుండలు. ఊళ్లలో పెద్దరికం చేసే సర్పంచులు చెంబు పట్టుకుని చెట్ల చాటుకు పోయినా వెనక ఒక మనిషి వెళ్లేవాడు, తప్పించుకుపోతారేమోనని. వాళ్లలో ఒక ముసలాయన మా గది కిటికీ దగ్గరికి వచ్చి, "మా ఇంటిదానికి పానం బాగలేదు బిడ్డా, ఎట్లున్నదో ఏమో" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకు జాలేసింది, చిరాకూ వేసింది. ఇంత భయపడేవాడు జీపెందుకు ఎక్కాలి? ఆ మాట నన్ను నేను కూడా అడుక్కోవచ్చు, కానీ అప్పుడు తట్టలేదు.

రెండో ఆడ మెంబరు కూడా మా గదిలోనే ఉంది. చిన్న వయసులోనే భర్త పోయి తమ్ముడి దగ్గర ఉంటున్న మనిషి. తమ్ముడు ప్రెసిడెంటు కింద కాంట్రాక్టులు చేసేవాడు. "నాకేం ఎరుక అక్కా, మా తమ్ముడు ఎత్తుమన్నప్పుడు ఎత్తుడు, దించుమన్నప్పుడు దించుడు" అని అత్తమ్మతో నవ్వుతూ చెప్పింది.

బంగ్లాలో గిన్నెలు తోమడానికి దగ్గర ఊళ్ల నుంచి ఆడకూలీలు వచ్చేవారు. వాళ్లలో ఒకామె అత్తమ్మను చూసి బూడిద చేతులతోనే దగ్గరికి వచ్చింది. "నువ్వు మా ఊరి ఆడిబిడ్డవు గాదా? గుర్తువట్టలేదా?" అంది. అత్తమ్మ తల్లిగారి ఊరి మనిషి. ఇద్దరూ గోడ పక్కన కూర్చుని ఎవరు బతికున్నారు, ఎవరు పోయారు అన్నీ మాట్లాడుకున్నారు. చివరికి అత్తమ్మ బడి సంగతి అడిగింది.

"బడికేం, మంచిగున్నది. వానకు వసారల మేకలను గట్టేస్తానం" అందామె. "నువ్వు సమితిల ఉన్నవట గద. పంతుల్ని తోలుమని నువ్వన్న చెప్పరాదక్కా?"

అత్తమ్మ, "చెప్పిన" అంది. ఒక్క మాటే. ఆమె తలూపి మళ్లీ గిన్నెల దగ్గరికి పోయింది. పెద్ద ఆశ పెట్టుకున్నట్టు కూడా కనిపించలేదు. నేను అత్తమ్మ ముఖం చూశాను. సిగ్గుతో నల్లబడిపోయి ఉంది. ఆమెను అంతకు ముందు ఎన్నడూ అట్లా చూడలేదు.

మీటింగు నాటి పొద్దున జీపులెక్కే ముందు ప్రమాణాలు పెట్టారు. మా దిక్కు మనుషులు కోర్టులో అబద్ధం చెప్పగలరు గానీ మేడారం తల్లుల మీద అబద్ధం చెప్పలేరు. తల్లులకు మొక్కుగా ఇచ్చే బెల్లాన్ని మేం బంగారం అంటాం. పళ్లెంలో ఆ బంగారం, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టి వరండాలో ఒక్కొక్కరి ముందుకు తెచ్చారు. ఒక్కొక్క సర్పంచు దాని మీద చెయ్యి పెట్టి, "తల్లుల సాక్షిగ నేను ప్రెసిడెంటు దిక్కే" అనాలి. ముసలాయన ముందు పళ్లేనికి దండం పెట్టి, తర్వాత చెయ్యి పెట్టాడు. ఇంకొకాయన అంతకు ముందే రెండో గ్రూపువాళ్ల దగ్గర ఇదే ప్రమాణం చేసి వచ్చాడట, పళ్లెం చూసి చెమటలు కక్కాడు. పాత ప్రమాణానికి ఆయనతో ముందు తల్లుల పేరున చెంపలు వేయించి, తర్వాత ప్రమాణం చేయించారు.

వరండా అయిపోయాక పళ్లెం మా గది గుమ్మం దాకా వచ్చింది. అత్తమ్మ లేచి నిలబడి కొంగు సర్దుకుంది. పళ్లెం పట్టుకున్నవాడు ప్రెసిడెంటు బావమరిది. లోపలికి తొంగి చూసి, "ఆడోళ్లకెందుకు తియ్యి. వాళ్ల మొగోళ్లు మాటిచ్చిండ్రు గద" అని ఎవరికో చెప్పి వెనక్కి తిరిగాడు. ఆ బెల్లం ఎవరి పేరు మీద పెట్టారో, ఆ తల్లీబిడ్డలు ఆడవాళ్లేనన్న సంగతి ఆ పూట అక్కడ ఒక్క మగవాడికీ గుర్తు రాలేదు.

అత్తమ్మ నా దిక్కు తిరిగి, మెల్లగా, "నన్నడుగలే గద బిడ్డా?" అంది.

"లేదత్తమ్మా" అన్నాను. మనసు చిన్నబుచ్చుకుందేమోనని, "ఏమనుకోకు" అని కూడా అన్నాను.

"నేనేమనుకుంట" అని జీపు దిక్కు నడిచింది. ఆ నడకలోనే ఏదో తేడా ఉంది. ఆమె ఏదో చెయ్యబోతోందని నాకు అర్థమైంది. జీపులో ఆమె చెవి దగ్గర నోరు పెట్టి బతిమాలాను. "అత్తమ్మా, ఆయన్ను అడవిల ఏస్తరు. నేనీ కడుపుతోని ఏడికి పోవాలె? దవాఖాన లేని జాగల నాకేమన్న అయితే?" అన్నాను. ఆమె నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. సమితి ఆఫీసు వచ్చేదాకా వదల్లేదు, ఏం చేస్తానో చెప్పనూ లేదు.

మీటింగు హాలులోకి మెంబర్లను తప్ప ఎవరినీ రానివ్వలేదు. నేను, మామ, ఇంకా వచ్చిన చుట్టాలు, కిటికీల దగ్గర గుంపుగా నిలబడ్డాం. ఆర్డీవో కుర్చీలో కూర్చుని తీర్మానం చదివాడు. అనుకూలంగా ఉన్నవాళ్లు చెయ్యెత్తమన్నాడు. రెండో గ్రూపు కుర్చీల్లో చేతులు లేచాయి. ఆర్డీవో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సరిపోవడం లేదని ఆ చేతులెత్తిన వాళ్ల ముఖాల్లోనే తెలుస్తోంది. ప్రెసిడెంటు కాలు మీద కాలు వేసుకున్నాడు. అప్పుడు గోడ పక్క కుర్చీలో నుంచి మా అత్తమ్మ చెయ్యి లేచింది. రోడ్డు మీద బస్సు ఆపడానికి ఎత్తినట్టు ఎత్తింది, మరీ పైకి కాదు. గాజులు మోచేతి దాకా జారాయి. పక్కన కూర్చున్న రెండో ఆమె ఆ చేతిని చూసింది, కిటికీలో ఉన్న తమ్ముణ్ని చూసింది, మళ్లీ ఆ చేతిని చూసింది. తర్వాత తనూ ఎత్తింది.

"ఏయ్, చెయ్యి దించు!" అని ప్రెసిడెంటు బావమరిది కిటికీ ఊచలు పట్టుకుని అరిచాడు. ఆర్డీవో అతన్ని కిటికీ దగ్గర నుంచి నెట్టించి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ప్రమాణాలు చేసిన మగవాళ్లంతా ఒళ్లో చేతులు పెట్టుకుని నేల చూస్తున్నారు. తీర్మానం నెగ్గింది.

బయటికి రాగానే మామ ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. ముఖం కందగడ్డ అయిపోయింది. "నేను చెయ్యిల చెయ్యేసి మాటిచ్చిన. నా మాటేమయ్యింది?" అన్నాడు.

"నీ మాట నీదేనయ్యా. అది నువ్వు నిలవెట్టుకో" అంది అత్తమ్మ. "నన్నెవలు అడిగిండ్రు? ఆ పళ్లెం నా ముందటికి వస్తే, అప్పుడు చెప్తునేమో."

బస్సులో ముగ్గురం మూడు సీట్లలో కూర్చుని ఇంటికి వచ్చాం. మామ ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఏదన్నా కావాలంటే నన్ను పిలిచి చెప్పేవాడు. నేను కూడా ఆమెతో ముభావంగానే ఉన్నాను. చాలా కోపంగా ఉంది నాకు. తల్లిగారి ఊరి బడి సంగతి ఆమెకు అంత పట్టింపైతే నా కడుపులో బిడ్డ సంగతో? రాత్రి మా ఆయన మీద పడి ఏడ్చాను. ఆయన తాపీగా, "నన్నేమో పంతులన్నరు. పంతులు ఏడ బడుంటే ఆడ ఉండాలె గద" అన్నాడు. ఆ తాపీతనానికి ఇంకా ఒళ్లు మండింది.

కానీ అనుకున్నట్టు కాలేదు. పాత ప్రెసిడెంటు దిగిపోయాక, రెండో గ్రూపు నాయకుడు ప్రెసిడెంటు అయ్యాడు. కుర్చీలో కూర్చున్న కొద్ది రోజులకే జీపు వేసుకుని మా ఇంటికి వచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా. అరుగు మీద కూర్చుని, "అక్కా, నీ రుణం నేను ఉంచుకోను" అన్నాడు. మా ఆయన్ను హన్మకొండకు వేస్తున్నానని, ఆర్డరు తయారవుతోందని చెప్పాడు. చాన్నాళ్ల తర్వాత మామ ముఖంలో నవ్వు చూశాను. ఇక నా సంగతి చెప్పేదేముంది? చాయలో చక్కెర ఒకటికి రెండు చెంచాలు ఎక్కువ వేసి తెచ్చాను. నల్లా నీళ్లు, దవాఖాన, పుట్టిల్లు అంత దగ్గర! అత్తమ్మ చెయ్యి ఎత్తినందుకు మొదటిసారి ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

అత్తమ్మ మిఠాయి డబ్బా ముట్టుకోలేదు. "ఆడున్న పంతులు ఏడికి పోతడు?" అని అడిగింది.

"పంతులమ్మ అక్కా. ఆమె మనది గాదు, పాతోని మనిషి. పాతోని ఇంట్ల ఉన్న పంతుల్ని ఇంకో ఊరికి తోలిన, నీ తల్లిగారూరికి ఏత్తాన ఆమెను. చూసినవా, నీ ఊరికి పంతులొచ్చె, నీ కొడుకు హన్మకొండకు పాయె" అన్నాడు. ఒకే దెబ్బకు రెండు పనులు చక్కబెట్టిన సంతోషం ఆయన గొంతులో.

"వాగు దాటి ఆమె రోజు పోతదా?"

"పోతే పోయింది, పోకపోతే ఆమె ఖర్మ. మనకేం ఫికర్?"

అత్తమ్మ అరుగు అంచున కూర్చుని ఉంది. "ఆమెను ఆడనే ఉండనియ్యి" అంది. "నా కొడుకును మా తల్లిగారూరికి ఎయ్యి."

ఆయన నవ్వాడు. తమాషా అనుకున్నాడు. "ఆ ఊరికి అడిగి పోయెటోడు ఉంటడా అక్కా?" అన్నాడు.

"ఎవలు పోరనే గదా మేకలు గట్టేస్తాండ్రు. నీ దగ్గర హన్మకొండ తీసుకుంటే రేపు నిన్నేమన్న అడుగ నోరొస్తదా నాకు? పాతోడేమో 'నీ కొడుకు మంచిగున్నడు గద' అన్నడు. నువ్వు మిఠాయి తెచ్చి గదే మాట అంటానవ్."

కొత్త ప్రెసిడెంటు ముఖం మాడిపోయింది. మామ లేచి పంచె దులుపుకుని లోపలికి పోయాడు. నేను గుమ్మంలో ఖాళీ గ్లాసులు పట్టుకుని నిలబడిపోయాను. ఆ క్షణంలో ఆమెను క్షమించలేననుకున్నాను. పుణ్యమంతా ఆమెది, వాగు నాది. ఇది నేను తర్వాత ఆమెతోనే అన్నాను. "నిజమే బిడ్డా" అంది, అంతకంటే నన్ను ఓదార్చే ప్రయత్నం చెయ్యలేదు.

పార్టీ ఆమెను మర్చిపోలేదు. క్రమశిక్షణ తప్పినందుకు సంజాయిషీ చెప్పమన్నారు. విచారణకని హైదరాబాదు నుంచి వచ్చి ప్రెసిడెంటు ఇంట్లో భోంచేసి పోయిన పెద్దమనుషులే ఈసారి మా అత్తమ్మను విచారించారు. సస్పెండు చేశారు. "నేను పార్టీల ఉన్ననని ఇప్పుడే ఎరుకైంది" అంది ఆమె. పాత ప్రెసిడెంటును కొన్నాళ్లకు పార్టీలోనే మళ్లీ పైకి తెచ్చారు, తర్వాతి ఎన్నికల్లో టికెట్టు కూడా ఇచ్చారు. పంతుల్ని ఇంట్లో పెట్టుకుని కూరగాయలు మోయించుకున్నందుకు ఆ పార్టీలో ఏ శిక్షా లేదు. చెయ్యి ఎత్తినందుకు ఉంది. రాజకీయాల గురించి నాకు తెలిసింది ఇంతే, ఆ తర్వాత ఎంత పేపరు చదివినా ఇంతకంటే పెద్దగా ఏమీ తెలియలేదు.

నేను వరంగల్‌లో పుట్టింట్లో కని, చంటిపిల్లతో వాగు అవతలి ఆ ఊరు చేరుకున్నాను. మా ఆయన అప్పటికే బడి తాళం తీసి, వసారాలో మేకల పెంట ఎత్తిపోసి, గోడలకు సున్నం కొట్టించాడు. ఆ ఊరు నాకు నచ్చిందని అబద్ధం చెప్పను. కిరసనాయిలు దీపం, తేళ్లు, వాన మొదలైతే ఆగని వాగు చప్పుడు. పిల్లకు జ్వరం వచ్చినప్పుడల్లా అత్తమ్మను తిట్టుకున్నాను. కానీ పొద్దున పూట బడిలోంచి ఎక్కాలు చదివే గొంతులు వినిపిస్తుంటే పనిలో చెయ్యి కాసేపు ఆగేది. అది కూడా నిజమే.

పిల్లను చూడటానికి అత్తమ్మ వాగు తగ్గాక వచ్చింది. ఆమె తమ్ముడు మమ్మల్నందరినీ భోజనానికి పిలిచాడు. నాటుకోడి కోయించి, అక్కను పీట మీద కూర్చోబెట్టి, తనే దగ్గరుండి వడ్డించాడు. ఊళ్లో నలుగురు పెద్దమనుషులు కూడా వచ్చి ఆమెకు దండాలు పెట్టారు. ఆమెను అంత సంతోషంగా నేను అంతకు ముందు చూడలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటూ తమ్ముణ్ని చూసి నవ్వింది. ఆయన ఇంకో గరిటె కూర వేస్తూ, మనస్ఫూర్తిగా, ప్రేమతో అన్నాడు:

"అందరు ఓటు అమ్ముకుంటరు గని అక్కా, అమ్ముడంటే నీదే అమ్ముడు. కొడుకు కోసం హన్మకొండ అడుగక, మన ఊరికి పంతుల్ని అడిగినవ్ సూడు. ఇంత మంచి బేరం ఎవడన్న చేసిండా?"

దండం పెట్టినవాళ్లంతా తలలూపారు. అత్తమ్మ చేతిలో ముద్ద అట్లాగే ఆగింది. నాకు ఆమె మీదున్న కోపమంతా ఆ నిమిషం ఎటు పోయిందో తెలియదు, తమ్ముడి నోరు మూయించాలనిపించింది.

"నేను అమ్మలేదురా" అంది అత్తమ్మ.

"సరే తియ్యి" అన్నాడాయన, ఆమె పళ్లెంలో అన్నం వడ్డిస్తూ. "మేమెవలకు చెప్తం?"

అత్తమ్మ, కంట్లో నీళ్లు తిరుగుతుంటే కొంగుతో తుడుచుకుని, తమ్ముడు పెట్టింది కాబట్టి, మెల్లగా తినేసింది.